విండోస్ 10 ఆగింది, లినక్స్‌కి మారాలా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విండోస్ 10కి అప్‌డేట్లు ఆగినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలు చాలావరకు ఒకటే అడుగుతున్నాయి: పాత సిస్టమ్ పక్కన పెట్టాలా, విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకోవాలా? అందరికీ ఒకే జవాబు చెల్లదు. మీరు రోజూ ఏ పని చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆ పని ఆగిపోతుంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఈసారి వేర్వేరు పనులు చేసుకునే పాఠకుల ప్రశ్నలు తీసుకున్నాం.

నా ల్యాప్‌టాప్ 2017ల కొన్నది. ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. షాపుల చూపిస్తే విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోండి అన్నరు. మా అబ్బాయి లినక్స్ వేసుకొమ్మంటుండు. తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసుడు, మార్కుల పట్టికలు, బ్యాంకు పనులు, యూట్యూబ్ – ఇంతే నా వాడకం. ఇంట్ల హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ ఉన్నది. మారితే ఇబ్బంది పడతనా?
– తెలుగు లెక్చరర్, హనుమకొండ

మీ వాడకానికి లినక్స్ సరిపోతుంది. కాకపోతే మీ ప్రశ్నపత్రాలు ఏ ఫాంటులో ఉన్నాయో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

ముందు షాపు వాళ్ల మాట. అది నిజమే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌తో సిస్టమ్ లేవకుండా ఆపే సెక్యూర్ బూట్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ తనిఖీని దాటించి ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కొన్ని షాపుల్లో అలా ఎక్కించి ఇస్తారు కూడా. కానీ అలాంటి సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. విండోస్ 10 మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. అప్‌డేట్లు లేని సిస్టమ్‌లో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు. కాబట్టి ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు.

ఇక ఫాంటు సంగతి. మీ పాత ప్రశ్నపత్రం ఒకటి తెరిచి, నాలుగు లైన్లు కాపీ చేసి జీమెయిల్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే కనబడితే అది యూనికోడ్, అంటే అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి, దిగులు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది యూనికోడ్ కాని అను లాంటి పాత డీటీపీ ఫాంటుల్లో టైపు చేసిన ఫైలు. ఆ ఫైళ్లు లినక్స్‌లో అలాగే దిద్దుకోవడానికి పనికిరావు. వాటిని విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మళ్లీ మళ్లీ వాడేవాటిని మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నాలు ఒకసారి చదివి సరిచూసుకోండి. మార్చేటప్పుడు తప్పులు ఎక్కువగా అక్కడే పడతాయి.

యూనికోడ్ ఫైళ్లకూ ఒక చిన్న చిక్కుంది. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ ఫాంటులు లినక్స్‌లో ఉండవు. వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, లైన్ల పొడవు మారుతుంది, రెండు పేజీల పేపరు మూడో పేజీలోకి జారుతుంది. అందుకని రెండు చోట్లా దొరికే ఫాంటు ఒకటి ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, రామభద్ర ఉచితం. మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న పోతన2000, దాని జత వేమన2000 లినక్స్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. ప్రింటుకి బయటికి పంపేదైతే పీడీఎఫ్ చేసే పంపండి.

టైపింగ్‌కి ఐబస్ అనే ఇన్‌పుట్ మెథడ్, దానితో పాటు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన కీబోర్డులు కనబడతాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారు ఆర్‌టీఎస్ తీసుకుంటే తేలిక. అను యాపిల్ కీబోర్డు చేతికి అలవాటైనవారు ఇక్కడి యాపిల్ లేఅవుట్‌ని ముందు అరగంట కొట్టి చూడాలి. అన్ని కీలూ ఒకే చోట ఉంటాయని అనుకోవద్దు.

హార్డ్‌వేర్ విషయానికొస్తే, మీ ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి ప్రధాన కారణం తిరిగే హార్డ్ డిస్క్. దాన్ని మార్చకుండా ఏ సిస్టమ్ ఎక్కించినా పెద్ద తేడా కనబడదు. 256 జీబీ సాటా ఎస్సెస్‌డీ ఒకటి, 4 జీబీ ర్యామ్ ఇంకొకటి కొనండి. ఆరో తరం ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి డీడీఆర్4, కొన్నిటికి డీడీఆర్3ఎల్ ర్యామ్ పడుతుంది. వెనక మూత తీసి ఉన్న స్టిక్ మీద ఏం రాసి ఉందో చూశాకే కొనండి. 3ఎల్ అడిగే స్లాట్‌లో 1.5 వోల్టుల పాత డీడీఆర్3 పెడితే సిస్టమ్ ఆన్ కాకపోవచ్చు.

ఎస్సెస్‌డీ కొనడంలో ఇంకో లాభం ఉంది, అసలు లాభం అదే. పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేయాల్సిన పని లేదు. విప్పి, విండోస్‌తో సహా అలాగే పక్కన పెట్టండి. లినక్స్‌ని కొత్త ఎస్సెస్‌డీలో ఎక్కించండి. నెల రోజులు వాడి నచ్చకపోతే నాలుగు స్క్రూలు విప్పి పాతది పెట్టుకుంటే మళ్లీ మొదటి స్థితికి వస్తారు. పాత ఫైళ్లు కావాలంటే ఆ డిస్క్‌ని యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి తగిలించుకోవచ్చు. ‘డేటా పోయింది’ అనే మాట రాకుండా చేసే పద్ధతి ఇది.

కొనే ముందే పైసా ఖర్చు లేకుండా పరీక్ష పెట్టండి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి; కొత్తగా వచ్చేవారికి లినక్స్ మింట్ అనే రకం మంచిది. కింద స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ ఉంటాయి, చేయి తడబడదు. మింట్ 22కి అప్‌డేట్లు 2029 వరకు ఉన్నాయి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే సుమారు 3 జీబీ ఐఎస్ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) దించుకుని, రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాయించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే తీసి పెట్టుకోండి. సిస్టమ్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి: డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కి కూడా ఎఫ్12 గానీ, ముందు ఎఫ్2తో బయోస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్‌ల తెర) వెళ్లి ఎఫ్12 బూట్ మెనూని ఎనేబుల్ చేస్తేనే పనిచేస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకున్నాక డెస్క్‌టాప్ మీదున్న ‘ఇన్‌స్టాల్’ గుర్తు జోలికి వెళ్లనంతవరకు మీ డిస్క్‌లో ఏదీ మారదు. అక్కడే వైఫై కలపండి, యూట్యూబ్‌లో సౌండ్ వినండి, వెలుతురు తగ్గించే కీలు, వెబ్‌క్యామ్, టచ్‌ప్యాడ్ చూడండి, మూత మూసి తెరిచి సిస్టమ్ లేస్తుందో లేదో చూడండి, కాలేజీలో ప్రొజెక్టర్ ఉంటే తగిలించండి. వేగాన్ని మాత్రం ఇక్కడ అంచనా వేయొద్దు, పెన్‌డ్రైవ్ నుంచి ఏదైనా నెమ్మదిగానే నడుస్తుంది.

మీ ప్రింటర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లేజర్‌జెట్ 1020లో ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్, నిలవ ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. లినక్స్‌లో ఆ పని హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ చేస్తుంది. దానికి హెచ్‌పీ ప్లగిన్ ఒకటి ఇంటర్నెట్ నుంచి అదనంగా దించుకోవాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ లిస్టులో కనబడుతుంది, ప్రింట్ ఇస్తే మాత్రం కాగితం కదలదు. పెద్ద అప్‌డేట్ తర్వాత హెచ్‌పీలిప్ వెర్షన్ మారితే ప్లగిన్ కూడా అదే వెర్షన్‌ది మళ్లీ వేయాలి. ప్రింటర్ ఉన్నట్టుండి మొరాయిస్తే మొదట చూడాల్సింది ఇదే.

మార్కుల పట్టికలకు ఎక్సెల్ లాంటి లిబ్రెఆఫీస్ కాల్క్ చాలు. కూడికలు, సగటులు, ర్యాంకులు మామూలుగానే వస్తాయి. కాలేజీ వాళ్లు మాక్రోలు (షీటులో పనులు తమంతట చేసే చిన్న ప్రోగ్రాములు) పెట్టి ఇచ్చిన ఎక్సెల్ షీటు ఏదైనా ఉంటే దాన్ని లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఆ మింట్‌లోనే తెరిచి చూడండి. మాక్రోలు అన్నీ పనిచేయవు.

వరంగల్ స్టేషన్ రోడ్డుకు దగ్గర్ల డీటీపీ సెంటర్ నడుపుతున్న. పెండ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, ఫొటోషాప్, అను ఫాంటులు. కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్. లైసెన్సుల ఖర్చు తప్పించుకుందామని లినక్స్ గురించి ఆలోచిస్తున్న.
– డీటీపీ నిర్వాహకుడు, వరంగల్

పని నడుస్తున్న సిస్టమ్‌ని మార్చొద్దు. మీరు చెప్పిన నాలుగు సాఫ్ట్‌వేర్‌లలో ఒక్కదానికీ లినక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ ఉన్న మాట నిజమే. కానీ కస్టమర్ ముందు కూర్చుని ఉండగా వైన్ మీద పేజ్‌మేకర్, దాని మీద అను స్క్రిప్ట్ మేనేజర్ నడిపించి పెండ్లి కార్డు అందించగలమని అనుకోవద్దు. కీబోర్డు పట్టుకునే దగ్గరే తేడాలు వస్తాయి.

అసలు ముడి సాఫ్ట్‌వేర్‌లో కన్నా ఫాంటులో ఉంది. అను ఫాంటుల్లో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరంగా దాచబడదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు, ఒత్తుల బొమ్మలు పెట్టి కలిపి చూపిస్తారు. అందుకే ఆ ఫాంటు, ఆ కీబోర్డు మేనేజర్ రెండూ ఉన్నచోటే ఫైలు చదవవస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అంటే మీ దగ్గరున్న ఏళ్ల నాటి మ్యాటరంతా, కొత్త వెర్షన్ ఇక రాని సాఫ్ట్‌వేర్‌లో, ఒక్క ఫాంటు కుటుంబానికి కట్టుబడి ఉంది. లైసెన్సు ఖర్చు కన్నా ఇది పెద్ద నష్టం. దీని గురించి ఆలోచించడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

చేయగలిగింది ఇది. పాత పనులకు ఇప్పుడున్న విండోస్ సిస్టమ్‌ని అలాగే ఉంచండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తోనే అటూ ఇటూ మార్చుకుంటూ, ఇంటర్నెట్ తీసేసి నడిపిస్తే అప్‌డేట్లు లేని లోటు చాలా వరకు తగ్గుతుంది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను మాత్రం నేరుగా అందులో పెట్టొద్దు. వాటి కోసమే ఒక పాత సిస్టమ్‌లో లినక్స్ ఎక్కించి ముందర పెట్టుకోండి. ఫోల్డర్లను షార్ట్‌కట్లుగా మార్చే విండోస్ వైరస్‌లు లినక్స్‌లో నడవవు, మాయమైనట్టున్న ఫోల్డర్లు అక్కడ కనబడతాయి కూడా. జిరాక్స్ సెంటర్లకు లినక్స్ అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే.

కొత్తగా వచ్చే పనుల్లో చిన్నవాటిని యూనికోడ్‌లో చేయడం మొదలుపెట్టండి. కరపత్రాలకు స్క్రైబస్, లోగోలకు ఇంక్‌స్కేప్ వాడి చూడండి. ఈ రెండూ విండోస్‌లోనూ నడుస్తాయి కాబట్టి సిస్టమ్ మార్చకుండానే చేయి తిరుగుతుంది. స్క్రైబస్ అయితే 2024 జనవరిలో వచ్చిన 1.6 గానీ, ఆ తర్వాతిది గానీ తీసుకోండి. 1.4 లాంటి పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగా కలవవు, చూసినవాళ్లు స్క్రైబస్ పనికిరాదనుకుని వదిలేస్తారు. ఆఫ్‌సెట్‌కి పంపేందుకు సీఎంవైకే (అచ్చు రంగుల పద్ధతి) పీడీఎఫ్ స్క్రైబస్ నుంచే తీయండి. ఇంక్‌స్కేప్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌లో రంగులు తెరకు వాడే ఆర్‌జీబీలో ఉంటాయి, ప్లేట్లు వేసేటప్పుడు తేడా వస్తుంది. అందంగా తిరిగిన టైటిల్ ఫాంటులు మాత్రం అను వైపే ఎక్కువ. పెండ్లి కార్డు ముఖపత్రం అను మీదే చేయండి, లోపలి మ్యాటర్ యూనికోడ్‌లో చేయండి.

ఎల్‌బీపీ 2900 గురించి: ఇది క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలో పనిచేసే ప్రింటర్. దీని లినక్స్ డ్రైవర్ పాతది, కొత్త లినక్స్‌లలో ఎక్కించడమే ఒక యాతన, ఎక్కినా మధ్యలో ఆగిపోతుంటుంది. రోజుకు వందల కాపీలు తీసేచోట దీన్ని లినక్స్‌కి తగిలించొద్దు. ముందర పెట్టే లినక్స్ సిస్టమ్‌కి ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్‌ట్యాంక్ గానీ, బ్రదర్ లేజర్ గానీ ఉంటే డ్రైవర్‌తో తిప్పలు తక్కువ.

బీటెక్ మొదటి సంవత్సరం, సీఎస్ఈ. కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11, 16 జీబీ ర్యామ్, 512 ఎస్సెస్‌డీ. సీనియర్లు డ్యూయల్ బూట్ చేసుకొమ్మంటున్నారు. హాస్టల్‌లో ఒకరిది చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చి ఏదో 48 అంకెల కీ అడిగిందట. భయంగా ఉంది.
– విద్యార్థిని, కాజీపేట

ఆ 48 అంకెలది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు, అడిగే రికవరీ కీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ మొదటిరోజే, మీరు అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్‌లు మారాయని గమనించగానే విండోస్ ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా పోయినట్టే, ఏ షాపూ తీయలేదు. కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టండి.

మొదటి సంవత్సరంలో డ్యూయల్ బూట్, అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం, తప్పనిసరి కాదు. విండోస్ 11లోనే, విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేసి మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటే టెర్మినల్, సీ కంపైలర్ జీసీసీ, పైథాన్, గిట్ అన్నీ వాడుకోవచ్చు. ల్యాబ్‌లకు అది చాలు, డిస్క్‌ని కోసే పని లేదు. లినక్స్ మీదే రోజంతా పనిచేయాలని, సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలని అనిపించినప్పుడు డ్యూయల్ బూట్‌కి వెళ్లండి. ఆ కోరిక మంచిదే. సర్వర్ల ఉద్యోగాలకు వెళ్లేవారికి ఈ అనుభవం నేరుగా పనికొస్తుంది.

వెళ్తే ఈ వరసలో చేయండి. ఫొటోలు, రికార్డులు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఇది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. లినక్స్ వైపు నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికి తప్ప రాయడానికి వీలుండదు. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సీ డ్రైవ్‌ని కుదించి 80 నుంచి 100 జీబీ ఖాళీ చేయండి. బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్‌ని లినక్స్ ఇన్‌స్టాలర్‌తో కుదించే ప్రయత్నం చేయొద్దు. 200 జీబీ ఖాళీ ఉన్నా విండోస్ కొంచెమే కుదిస్తానంటే, కదలని పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైలు అడ్డుగా ఉన్నాయని అర్థం. వాటిని తాత్కాలికంగా ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

ఇన్‌స్టాలర్‌లో మీ ఎస్సెస్‌డీయే కనబడకపోతే కంగారుపడి ఏదీ నొక్కొద్దు. ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే స్టోరేజ్ మోడ్ ఆన్‌లో ఉన్నప్పుడు అలా జరుగుతుంది. బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా సెట్ చేసి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్లి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక దాన్ని తీసేయాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు కావలసిన ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని తనే ఎత్తుకుంటుంది. బిట్‌లాకర్ కీ ఇక్కడ కూడా అడగొచ్చు.

‘ఎరేజ్ డిస్క్’ అన్నదాన్ని ఎంచుకోవద్దు. విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ తీసుకోండి. 100 నుంచి 300 ఎంబీ లోపు ఉండే ఈఎఫ్ఐ విభాగం చిన్నదే కదా అని చెరపొద్దు, రెండు సిస్టమ్‌ల బూట్ ఫైళ్లూ అందులోనే ఉంటాయి. ఛార్జర్ పెట్టే ఇన్‌స్టాల్ చేయండి; హాస్టల్‌లో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే విభజన మధ్యలో ఆగిపోతుంది.

తర్వాత వచ్చేవి చిన్న ఇబ్బందులు. విండోస్‌లోకి తిరిగి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లి ఉంటుంది. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీనిచ్ సమయాన్ని రాస్తుంది, విండోస్ అదే మన సమయం అనుకుంటుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో సెట్-లోకల్-ఆర్‌టీసీ విలువను 1 చేస్తే సరిపోతుంది. ఒక్కోసారి విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ మెనూ కనబడదు; చాలాసార్లు బూట్ వరసలో విండోస్ ముందుకొచ్చి ఉంటుంది, బయోస్‌లో సరిచేస్తే చాలు. 2024 ఆగస్టులో మాత్రం ఒక విండోస్ అప్‌డేట్ సెక్యూర్ బూట్ నియమాలు మార్చి చాలామంది లినక్స్‌ని లేవకుండా చేసింది. లైవ్ పెన్‌డ్రైవ్‌ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోమనేది అందుకే.

టర్బో సీలో రాసిన ల్యాబ్ ప్రోగ్రాములు జీసీసీలో నేరుగా నడవవు. కోనియో హెడర్ అక్కడ ఉండదు, స్క్రీన్ చెరిపే ఫంక్షన్, గెట్‌సీహెచ్ తీసేయాలి, మెయిన్ ముందు వాయిడ్ బదులు ఇంట్ రాయాలి. ఇలా రాయడమే నేటి సీ ప్రమాణానికి దగ్గర. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లినక్స్‌లో లేవు కాబట్టి నాలుగేళ్లూ విండోస్‌ని తీసేయకండి.

ఎరువులు, పురుగుమందుల దుకాణం. ట్యాలీ, జీఎస్టీ, బిల్లు ప్రింటర్. మారొచ్చా?
– దుకాణదారు, జమ్మికుంట

ట్యాలీ ఉన్న సిస్టమ్‌ని మార్చకండి. ట్యాలీప్రైమ్ విండోస్ కోసం చేసింది, వైన్‌లో నడిపి లెక్కలు తేడా వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. ఆ ఒక్క సిస్టమ్‌కి 8వ తరం లేదా ఆపైది సెకండ్‌హ్యాండ్‌లో చూసి, లైసెన్సున్న విండోస్ 11 పెట్టుకోండి. ట్యాలీ డేటా ఫోల్డర్‌ని వారానికొకసారి వేరే డిస్క్‌లోకి తీయండి. వేలిముద్ర పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడే పనులన్నీ ఆ సిస్టమ్‌లోనే ఉంచితే చిక్కు ఉండదు. జీఎస్టీ పోర్టల్ చూసుకోవడం, మెయిల్, కంపెనీల ధరల పట్టికల కోసం ఇంకో పాత సిస్టమ్ ఉంటే దాంట్లో లినక్స్ నిశ్చింతగా వేసుకోవచ్చు. బార్‌కోడ్ స్కానర్ కీబోర్డులాగే పనిచేస్తుంది కాబట్టి దానికి డ్రైవర్ గొడవ లేదు. సబ్సిడీ ఎరువుల అమ్మకానికి ఇచ్చిన పీఓఎస్ మిషన్ వేరే పరికరం, దీనితో సంబంధం లేదు.

ఉచితంగ ఎవరిస్తరు, ఎందుకిస్తరు? రేపు పైసలు అడిగితే? బ్యాంకు పాస్‌వర్డులు కొట్టేయరా?
– సింగరేణి రిటైర్డ్ ఉద్యోగి, గోదావరిఖని

న్యాయమైన అనుమానం. లినక్స్ కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టాడు. అది జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది: ఎవరైనా వాడొచ్చు, కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, మార్చి పంచేవారు తమ కోడ్‌ని కూడా అదే షరతుతో ఇవ్వాలి. ఇప్పటికే ఇచ్చినదాన్ని తిరిగి లాక్కుని డబ్బు అడిగే వీలు ఆ లైసెన్సులో లేదు. ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీలు తమ ఇంజినీర్లకు జీతాలిచ్చి మరీ దీని మీద పని చేయిస్తాయి, ఎందుకంటే వాటి సర్వర్లు దీనిమీదే నడుస్తాయి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే.

ప్రమాదం ఉన్నది దించుకునే దగ్గర. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, దొంగ ఐఎస్ఓ ఫైలుకు లింకు పెట్టారు. అందుకే వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి, షాపులో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించొద్దు. దించుకున్న ఫైలు మారలేదని తేల్చే షా-256 సంఖ్య సరిచూడాలి: 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్‌తో ఆ సంఖ్య వస్తుంది, దాన్ని వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వాడొద్దు. చాలాసార్లు అది నెట్ మధ్యలో తెగి ఫైలు పాడవడమే. అలాంటి ఫైలుతో ఎక్కిస్తే ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగుతుంది. ఇక ఓటీపీ ఎవరికైనా చెబితే లినక్స్ కూడా కాపాడలేదు.

కోర్ 2 డ్యూయో డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్. పిల్లలకు పనికొస్తుందా?
– జగిత్యాల

టైపింగ్‌కి, లెక్కల ఆటలకు పనికొస్తుంది. మింట్‌లో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మాత్రం 2 జీబీ చాలదు, 4 జీబీ చేయించండి. జీ31 చిప్‌సెట్ బోర్డయితే అంతకుమించి పట్టదు. చిన్న ఎస్సెస్‌డీ పెడితే తేడా తెలుస్తుంది. తేదీ ఏళ్లు వెనక్కి పోతోందేమో చూడండి. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోతే వెబ్‌సైట్లు సర్టిఫికెట్ లోపం చూపిస్తాయి, అప్‌డేట్లు రావు, లినక్స్ పాడైందని పొరపడతారు. పిల్లల కోసం జీకాంప్రీ అనే చదువు ఆటల సాఫ్ట్‌వేర్ వేసి ఇవ్వండి.

మింట్ ఎక్కించిన. వైఫై లిస్టే వస్తలేదు. నెట్ లేకుండ డ్రైవర్ ఎట్ల దించాలె?
– మంచిర్యాల

ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్‌లలో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. మింట్ దాన్ని వైరు నెట్‌లాగా వెంటనే పట్టుకుంటుంది. ఛార్జింగ్‌కే పనికొచ్చే వైరు కాకుండా డేటా వైరు ఉండాలి. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. మీ లక్షణాలకు బ్రాడ్‌కామ్ చిప్ అయ్యే అవకాశం ఎక్కువ. పాత డెల్, హెచ్‌పీ, లెనోవోలలో బీసీఎం43142 తరచుగా కనబడుతుంది. జాబితాలో ‘రికమెండెడ్’ అని ఉన్న డ్రైవర్‌ని ఎంచుకుంటే దించి ఎక్కిస్తుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఈ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని రాసుకోండి. రీస్టార్ట్ అవగానే మోక్ మేనేజ్‌మెంట్ అనే నీలం తెర కొద్ది సెకన్లే నిలుస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది దాన్ని చూడకుండా ‘కంటిన్యూ’ కొట్టేస్తారు. డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది, వైఫై మాత్రం రాదు. అలా దాటిపోతే డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేయండి, లేదా బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి. మీ సిస్టమ్‌లో మింట్ ఒక్కటే ఉంటే ఆఫ్ చేయడం తేలిక. విండోస్ కూడా ఉంటే ముందు బిట్‌లాకర్ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి.